కర్రోడితో పెన్న వెంబడి

"కుక్కను తెచ్చుకోవచ్చా?" అని గండికోట పక్కల బసకోసం ఫోన్లో అడిగితే అవతలి పిల్లోడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "పెద్దోళ్లు ఎంతమంది, పిల్లోళ్లు ఎంతమంది మేడం?" అన్నాడు. ఇద్దరు పెద్దోళ్లు, ఒక కుక్క అని మళ్లీ చెప్పినా. "అట్లయితే లోపలికి రానీయరు మేడం, బయట కట్టేసుకోండి" అన్నాడు. సంక్రాంతి చలిలో కొండమీద రాత్రంతా బయట కట్టేసేదానికి అంత దూరం తీసుకుపోవడం ఎందుకు, కడపలో మా వదినవాళ్ల మిద్దెమీద వదిలితే సరిపోదా! గండికోట, జమ్మలమడుగు పక్కల 4 చోట్ల అడిగితే 3 చోట్ల ఇదే మాట. నాలుగో ఆయప్ప టెంట్లు వేసేవాడు. "కరుస్తాదా?" అని ఒక్కటే అడిగినాడు. కరవదన్నా. "అయితే రాండి."

కర్రోడంటే మా కుక్క. 4 ఏళ్ల కిందట వానల్లో బుగ్గవంక గట్టున వణుకుతా దొరికినాడు. జాతి గీతి ఏమీ లేదు, అచ్చమైన నాటు. నల్లగా ఉంటాడు కాబట్టి ఆ పేరు. భీమిలిలో ఉండే నా స్నేహితురాలు వాళ్ల లాబ్రడార్ అలల్లో ఎగిరే వీడియో పంపినప్పుడల్లా మా ఆయన "మనకు సముద్రం యాడుందిలే" అంటాడు. మనకున్నది పెన్న. ఏడాదిలో ఎక్కువ నెలలు అదీ ఇసుకే. నెల్లూరు దాటి ఊటుకూరు దగ్గర అది సముద్రంలో కలిసేచోటికి మనం పోలేకపోయినా, మన జిల్లాలో పారినంత మేర కుక్కతో ఎక్కడెక్కడ నడవొచ్చో చూద్దామనుకున్నాం. గండికోటతో మొదలుపెట్టి, ఆ తర్వాత కొన్ని ఆదివారాలు తిరిగినాం.

ప్రొద్దుటూరులో కారం దోసె తిని, జమ్మలమడుగు దాటి ఇంకో 15 కిలోమీటర్లు పోతే గండికోట. దారిలో టీ కొట్టు ముందు పరిచిన నాపరాళ్లమీద కాలు పెట్టగానే కర్రోడు ఎగిరి కారెక్కినాడు. అప్పటికి టైం 11. దేశమంతా కడప రాయి అని కొనుక్కుపోయే నల్లటి బండే అది. మన వీధి అరుగులకూ గుడి ప్రాంగణాలకూ అదే. చలికాలంలో కూడా పొద్దెక్కితే పెనంలా కాలుతుంది, మనకు చెప్పులుంటాయి కాబట్టి తెలియదు. అరచేతి వెనకభాగం బండమీద ఆనించి 7 అంకెలు లెక్కపెట్టగలిగితేనే కుక్కను నడిపించాలి. లెక్కపెట్టలేకపోతే నీడలో కూర్చోవాల్సిందే.

గండికోటలో కుక్క ఉన్నవాళ్లు ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. కేంద్ర పురావస్తు శాఖ కాపాడే కట్టడాల్లోకి జంతువులను తీసుకుపోకూడదని 1959 నాటి నిబంధనల్లోనే ఉంది. అందుకని జుమ్మా మసీదు, దాని పక్కనున్న ధాన్యాగారం, మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి మేమిద్దరం వంతులవారీగా చూసినాం. ఒకరు లోపలికి పోతే ఇంకొకరు కోటలోపలి ఊళ్లో వేపచెట్టు కింద కర్రోడితో. (మసీదు మెట్లమీద మేకలు తీరిగ్గా నెమరేస్తున్నాయి. వాటికి 1959 సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.) వంతులవల్ల నాకు ఒక మేలు జరిగింది. మా ఆయన పక్కన లేడు కాబట్టి మాధవరాయస్వామి గోపురం కింద ఎవరూ తొందరపెట్టకుండా అరగంట కూర్చున్నా. ఆయనేమో వేపచెట్టు కింద ఒక అవ్వతో మాటల్లో పడి, కర్రోడికి సద్ది సంగటి పెట్టించుకున్నాడు.

లోయ అంచు గురించి మాత్రం గట్టిగా చెప్తున్నా. పెన్న ఎర్రమల కొండలను కోసుకుంటూ పోయిన ఆ గండి దగ్గర 300 అడుగుల లోతు ఉంటుందంటారు. అంచున బండలు దొంతర్లుగా పేర్చినట్టు ఉంటాయి, అడ్డుగా ఏమీ లేదు. పైగా కోతులున్నాయి. కోతిని చూస్తే కుక్కకు లోయ కనపడదు. మెడపట్టీ ఒక్కదాన్నే నమ్మొద్దు, వెనక్కి గుంజుకుంటే తలలోంచి జారిపోతుంది. ఛాతీకి వేసే హార్నెస్ వేసి, తాడు చేతికి రెండు చుట్లు చుట్టుకుని, అంచుకు 20 అడుగులు ఎడంగా నిలబడినాం. జనం ఫోటోలకోసం కూర్చునే బండ వైపు పోనేలేదు. కోట గోడకు బయట, టెంట్ల వైపు రాతినేలమీద తెల్లారి 6 నుంచి 7:30 దాకా తిరిగిందే అసలు నడక. లోయలోంచి చల్లగాలి, కింద పచ్చగా నీళ్లు, మనుషులు లేరు.

టెంటుకు 1200 తీసుకున్నాడు. కర్రోడికి వేరేగా ఏమీ అడగలేదు, పరుపుమీద మన దుప్పటి వేసుకోమన్నాడు, న్యాయమే. బాత్రూమ్ గురించి చెప్పుకోకపోవడమే మంచిది. రాత్రి సంగటి, నాటుకోడి పులుసు బాగుంది. ఎముకలు కర్రోడికి వేయబోతే మా ఆయన చెయ్యి పట్టుకున్నా. ఉడికిన కోడి ఎముక పెళుసుగా చీలి గొంతులో గుచ్చుకుంటుంది. ఉల్లిగడ్డ పడిన పులుసూ కుక్కకు మంచిది కాదు. సంగట్లో పెరుగు కలిపి పెట్టినా. అర్ధరాత్రి ఊరి కుక్కలు 5 టెంటు చుట్టూ చేరి పంచాయితీ పెట్టినాయి. టెంటు ఆయప్ప లేచొచ్చి "పోండ్రా, సుట్టాలొచ్చినారు" అని తరిమినాడు. ఆ మాటకు ఇంకో 200 ఇవ్వాలనిపించింది, ఇచ్చినాం.

పొద్దున నడకలో పల్లేరుకాయ గుచ్చుకుని కర్రోడు కుంటినాడు. ఒకటి నేనే పీకినా, ఇంకొకటి వేళ్ల సందులో విరిగిపోయింది. దగ్గరి ఊళ్లో ప్రభుత్వ పశువుల ఆసుపత్రికి పోతే బర్రెల వరుసలో మమ్మల్నీ నిలబెట్టినారు. డాక్టరమ్మ 2 నిమిషాల్లో తీసి, "రేబిస్ టీకా ఎప్పుడేసినారు?" అని కార్డు అడిగింది. కార్డు కారులోనే ఉండింది కాబట్టి మర్యాద దక్కింది. టీకా ఏడాదికోసారి వేయించి ఆ కార్డు వెంట పెట్టుకోండి. సంచార పశువైద్య వాహనం నంబరు 1962 కూడా ఫోన్లో ఉంచుకోండి, పల్లెల్లో బండి చెడితే ఆసుపత్రి దాకా పోవడం కుదరదు.

నన్నడిగితే కుక్కకు గండికోటకంటే మైలవరం మేలు. కోటలో మనం చూస్తాం, అది కట్టేయించుకుంటుంది. మైలవరం జలాశయం కట్ట పక్కన మట్టిదారి పొడుగ్గా ఉంది, ఒకవైపు నీళ్ల గాలి, పాదం కాలదు. అయితే నీళ్లు కనపడ్డాయి కదా అని వదిలేయొద్దు. కదలకుండా నిలిచి, పైన పచ్చరంగు తెట్టు కట్టిన చోట తాగనీయకండి, ఆ పాచిలో కొన్ని రకాలు కుక్క ప్రాణం తీస్తాయి. మేము ఇంటినుంచి 5 లీటర్ల క్యాను, సత్తు గిన్నె తీసుకుపోయినాం.

అక్కడే గొర్లు మేపే తాత ఒకాయన తగిలినాడు. మంద వెంట రెండు కుక్కలు. దూరంనుంచే కర్ర ఎత్తి ఆపినాడు.

"ఇప్పద్దు నాయినా, ఇప్పద్దు. నా కుక్కలు ఊరుకోవు."

"ఇప్పలేదు తాతా. ఆ చేను పక్కగా పోవచ్చా?"

"పోవద్దమ్మా. పందులకని రేత్రి కరెంటు తీగ పెట్టింటారు. కొందరు తెల్లారి తీయడం మర్చిపోతారు. పోయినేడు నా కుక్క అట్లనే పాయె."

అడవిపందులకోసం చేలచుట్టూ తీగలు లాగడం నేరమని అందరికీ తెలుసు, అయినా లాగుతారు. ఆ రోజునుంచి చేలగట్లు మానేసి దారిమీదే నడుస్తున్నాం.

బెలుం గుహల గురించి రెండు ముక్కలు. 3229 మీటర్ల గుహలో కిలోమీటరున్నర దాకా జనాన్ని పోనిస్తారు. లోపల ఉక్క, మెట్లు, గుంపు. కుక్కకు చోటు కాదు. ఒకరు బయట కాపలా ఉండాలి, ఎండలో నిలిపిన కారులో పావుగంట కూడా వదలకూడదు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పడమే దానికి ఫ్యాను. మా ఆయన చూసొచ్చినాడు, నేను చింతచెట్టు కింద మూడు టీలు తాగినా. మనుషులు వేరే రోజు పోండి.

పుష్పగిరి కడపకు దగ్గర, పొద్దున పోయి టిఫిన్‌కు ఇంటికి రావొచ్చు. గుడి మెట్లవైపు కర్రోణ్ణి తీసుకుపోలేదు, ఊరిబయట ఏటి ఒడ్డునే నడిచినాం. అక్కడ ఒక పెద్దాయన మొహం చిట్లించి "దేవుడి తావులో కుక్కేందమ్మా" అన్నాడు. పక్కనున్న ఆయన భార్య "కాలభైరవుడు దేనిమీద వస్తాడు మరి?" అని అడ్డం పడింది. ఆ ఇద్దరి వాదన తేలకముందే మేము జారుకున్నాం. తావు బాగుంది, కానీ పర్వదినాల్లో పోకండి, జనం కాళ్లమధ్య కుక్క బెదురుతుంది.

మా చెల్లెలు ఇదంతా విని, హైదరాబాదునుంచి వాళ్ల కుక్కను రైల్లో తెస్తానంది. స్లీపర్లో, త్రీ ఏసీలో, టూ ఏసీలో కుక్కను ఎక్కనీయరు. ఫస్ట్ ఏసీలో ఇద్దరి కూపేనో నలుగురి క్యాబినో మొత్తం మనదే అయితే వెంట పెట్టుకోవచ్చు, లేదంటే గార్డు పెట్టెలో కుక్కలకోసం ఉండే గూడులో పంపాలి. ఇనప గూట్లో రాత్రంతా పంపేకంటే కారే నయమని చెప్పినా. ఇంకా రాలేదు.

చివరి ఆదివారం సిద్ధవటం. ఇక్కడా కోట లోపలికి పోలేదు, పక్కనే ఉన్న పెన్న ఇసుక చాలు. దగ్గర్లోనే లంకమల అడవి. ఆ వైపు ఒక్క అడుగు కూడా కుక్కతో వద్దు. అది అభయారణ్యం. చిరుతకు కుక్క ఇష్టమైన మేత అన్నది ఒక కారణమైతే, నాకు ఇంకోటి పెద్దది. అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో మళ్లీ కనపడింది ఈ లంకమల పక్కనే. రాత్రిపూట నేలమీద తిరిగే పిట్ట అది. ఎంత మంచి కుక్కయినా దాని జోలికి పోయే చోటికి మనం తీసుకుపోకూడదు.

ఇసుకలో మాత్రం కర్రోడికి పండగే. ఇక్కడ ఒక్కచోటే పొడుగు తాడు వేసి వదిలినాం. ఇసుక తోడిన గుంతలు ఉన్నాయి, వానలు పడినాక వాటి అంచులు కూలుతాయి కాబట్టి వాటి పక్కకు రానీయలేదు. 7 గంటలకు చల్లగా ఉన్న ఇసుక 8:30 కల్లా చెయ్యి పెట్టనీయలేదు, లేద్దామనుకుంటుండగా వాడు ఒకచోట ఆగి ముందుకాళ్లతో తవ్వడం మొదలుపెట్టినాడు. ఒక మూర లోతుకు తడి తగిలింది. ఇంకొంచెం తవ్వితే ఊట. మన పెద్దోళ్లు చెలమలు తీసినట్టే తీసినాడు. తెచ్చిన క్యాను వైపు కన్నెత్తి చూడకుండా ఆ నీళ్లే తాగినాడు. ఇంతలో గట్టుమీదినుంచి బర్రెలు దిగినాయి. ముందున్నది నేరుగా వచ్చి చెలమలో మూతి పెట్టింది. కర్రోడు పక్కన నిలబడి మొరుగుతానే ఉన్నాడు. బర్రెలు తోలే ఆమె "గమ్మునుండబ్బా, నువ్వే కదా తవ్వింది, ఇంకోటి తవ్వుకో" అని వాణ్ణే కసిరింది.