జాగ్రత్త: నెట్‌వర్క్ తీగ పీకితే ఆగిపోయే బీఎంఎస్‌ను ఆసుపత్రికి కొనకండి

కరెంటు బిల్లు తగ్గిస్తామంటూ ఆసుపత్రులకు అమ్మే ‘స్మార్ట్’ బీఎంఎస్ (భవనంలోని ఏసీ, గాలి, కరెంటు పరికరాలను నడిపే కంప్యూటర్ వ్యవస్థ) ప్యాకేజీల్లో ఒక రకం ఉంది. ఏది ఎప్పుడు ఎలా నడవాలో నిర్ణయించే లాజిక్ అంతా, పరికరాలను నెట్‌వర్క్‌కు కలిపే గేట్‌వే పెట్టెలోనో క్లౌడ్‌లోనో పెడతారు. ఏహెచ్‌యూ (గదులకు గాలిని వడకట్టి పంపే ఫ్యాన్ యంత్రం) పక్కన మాత్రం సెన్సర్లు చదివే చిన్న మాడ్యూల్ ఒక్కటి బిగిస్తారు. డెమోలో ఏ లోపమూ కనబడదు. కరెంటు పోయిన రోజున బయటపడుతుంది.

జరిగేది ఇదీ. మెయిన్స్ పోయాక పది సెకన్లలో జనరేటర్ అందుకుంటుంది, లైట్లు వెలుగుతాయి. కానీ ఏహెచ్‌యూ పక్కనున్న కంట్రోలర్‌కు యూపీఎస్ ఉండదు. అది లేవాలి, నెట్‌వర్క్ స్విచ్ లేవాలి, గేట్‌వే లేవాలి, అప్పుడుగానీ వీఎఫ్‌డీకి (ఫ్యాన్ వేగాన్ని మార్చే డ్రైవ్‌కు) స్టార్ట్ కమాండ్ చేరదు. విడిగా తీగ లాగే ఖర్చు మిగుల్చుకోడానికి ఆ కమాండ్‌ను మోడ్‌బస్ అనే డేటా లైన్ మీదే పంపారు కాబట్టి. అంతసేపూ ఆపరేషన్ థియేటర్‌లో పాజిటివ్ ప్రెషర్ (పక్క గదులకంటే ఎక్కువ గాలి ఒత్తిడి) ఉండదు. పేషెంట్ టేబుల్ మీద ఉండగా కారిడార్ గాలి తలుపు సందుల్లోంచి లోపలికి వస్తుంది. ఏ పొదుపూ దీనికి సమానం కాదు.

అందుకే థియేటర్, ఐసీయూ, ఐసొలేషన్ గదుల ఏహెచ్‌యూలకు స్టార్ట్ సిగ్నల్ రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) ద్వారా విడి తీగమీద రావాలి. గది ప్రెషర్ చూసి ఫ్యాన్ వేగాన్ని సరిదిద్దే ప్రెషర్ లూప్ ఆ ఏహెచ్‌యూ పక్కనున్న కంట్రోలర్‌లోనే నడవాలి, దానికి యూపీఎస్ సప్లై ఉండాలి. వీఎఫ్‌డీలో ఆటో రీస్టార్ట్ ఆన్ చేయించండి. అయితే అన్ని ఫ్యాన్లూ ఒక్కసారే లేస్తే జనరేటర్ మీద లోడు పడుతుంది కనుక ఒక్కో ఏహెచ్‌యూకి కొన్ని సెకన్ల తేడా పెట్టించండి, థియేటర్లు ముందు, ఆఫీసు గదులు చివర.

చాలామంది చూడని సెట్టింగ్ ఇంకొకటి: కమ్యూనికేషన్ తెగినప్పుడు వీఎఫ్‌డీ ఏం చేయాలన్నది. ఆగిపోవడం, చివరి వేగంతో నడవడం, ముందే పెట్టిన వేగానికి వెళ్లడం, వీటిలో ఒకటి ఎంచుకోవచ్చు. ‘ఆగిపోవడం’ మీద వదిలేసిన డ్రైవ్‌లు ఉంటాయి. థియేటర్‌కు మాత్రం ముందే పెట్టిన వేగమే ఉండాలి.

ఇక పొదుపు సంగతి. ఫ్యాన్‌ను 50 హెర్ట్జ్ నుంచి 40కి తగ్గిస్తే పవర్ దాదాపు సగమవుతుంది, ఎందుకంటే అది వేగం ఘనానికి అనుపాతంలో ఉంటుంది. థియేటర్ ఖాళీగా ఉన్నప్పుడు ఇది మంచి పద్ధతే. ఆసుపత్రుల వెంటిలేషన్‌కు అమెరికా సంస్థ ఆష్రే పెట్టిన 170 ప్రమాణం ప్రకారం వాడుకలో ఉన్నప్పుడు గంటకు 20 ఎయిర్ ఛేంజెస్ (గది గాలి అంతా 20 సార్లు మారడం), అందులో 4 బయటి గాలి, పక్క గదికంటే కనీసం 2.5 పాస్కల్ ఎక్కువ ప్రెషర్ ఉండాలి. ఖాళీగా ఉన్నప్పుడు గాలి తగ్గించవచ్చు గానీ ప్రెషర్ దిశ మారకూడదు. లోపలికి వచ్చే సప్లై ఒక్కటే తగ్గించి, గాలిని బయటికి లాగే రిటర్న్, ఎగ్జాస్ట్ అలాగే వదిలేస్తే గది నెగెటివ్‌లోకి జారుతుంది. పైగా సూక్ష్మ కణాలను పట్టే హెపా ఫిల్టర్ మూసుకుపోయేకొద్దీ అదే హెర్ట్జ్‌కు గాలి తగ్గుతుంది. హెర్ట్జ్ చూసి సరిపెట్టుకోకుండా గాలి పరిమాణం కొలిచే సెన్సర్ అడగండి.

బిల్లు తగ్గిందని చూపించే మీటర్‌నూ నమ్మేయకండి. ప్యానెల్లో 400/5 సీటీ (మీటర్ కోసం కరెంటును తగ్గించి ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్) ఉండగా మీటర్‌లో 200/5 అని పెడితే రీడింగ్ సగమే వస్తుంది, పొదుపు అదే అనిపిస్తుంది. క్లాంప్ మీటర్‌తో మూడు ఫేజులూ సరిచూడండి.

పరికరాలు అప్పుడప్పుడు ఆఫ్‌లైన్ అవుతుంటే ముందు వాటిని కలిపే ఆర్‌ఎస్-485 డేటా తీగ చూడండి. నక్షత్రంలా నలువైపులా చీల్చకుండా ఒకదాని తర్వాత ఒకటిగా కలపాలి, రెండు చివర్లలోనే 120 ఓమ్ రెసిస్టర్ ఉండాలి.

కాగితాల్లో అడగాల్సినవి: అడ్మిన్ పాస్‌వర్డ్, కంట్రోలర్ ప్రోగ్రామ్‌ల బ్యాకప్, పూర్తి పాయింట్ లిస్ట్ (సెన్సర్లు, కమాండ్లన్నిటి జాబితా). ఇవి ఇవ్వకపోతే సెట్‌పాయింట్ (ఉంచాల్సిన ఉష్ణోగ్రత, ప్రెషర్ వంటి విలువ) మార్చాలన్నా అమ్మినవాళ్లనే పిలవాలి. ‘బ్యాక్‌నెట్ (వేర్వేరు కంపెనీల పరికరాలు మాట్లాడుకునే ప్రోటోకాల్) ఉంది’ అంటే, కంట్రోలర్‌లోనే ఉందా, మధ్యలో గేట్‌వే మార్చి ఇస్తోందా అని రాతపూర్వకంగా అడగండి.

చివరి చెల్లింపుకు ముందు ఖాళీ థియేటర్‌లో మూడు పరీక్షలు చేయించండి: నెట్‌వర్క్ తీగ పీకడం, గేట్‌వే ఆపడం, మెయిన్స్ కట్ చేయడం. ఆ మూడింటిలోనూ బీఎంఎస్ స్క్రీన్ కాదు, గోడమీది ప్రెషర్ గేజ్ చూడండి. కరెంటు పోయినప్పటినుంచి 2.5 పాస్కల్ తిరిగి వచ్చేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో రాసి, అమ్మినవాళ్ల సంతకం తీసుకోండి.