సాక్స్ మంచిదే, నా తగువంతా నార్మ్‌తోనే

సాక్స్ అంటే కమాండ్లతో ఆడియో ఫైళ్లని మార్చే ప్రోగ్రాం, నార్మ్ అందులో శబ్దం లెవెల్ సరిచేసే ఎఫెక్ట్. అంతకుమించి ఏయే ఫార్మాట్లు చదువుతుందో ఇక్కడ చెప్పబోవడం లేదు. టెర్మినల్‌లో ఆడియోతో పని పడిన ఎవరికైనా అది ఎప్పుడో ఒకప్పుడు తగిలే ఉంటుంది. పాత పద్యనాటకాలు, హరికథలు, బుర్రకథల క్యాసెట్లని డిజిటైజ్ చేసే ఒక చిన్న సంస్థకి నేను సర్వరు చూసిపెడతాను. టేపులు ఆడించేవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లు పగలంతా పెట్టిన వేవ్ ఫైళ్లు రాత్రి సాక్స్ చేతిలో పడి, తెల్లారేసరికి వినడానికి తయారుగా ఉండాలి. ఏళ్ల తరబడి నడుస్తున్న ఆ రాత్రి పని గురించే ఈ సమీక్ష.

ముందు నచ్చింది చెప్పేస్తాను. ఎఫెక్టులు ఏ వరసలో రాస్తే ఆ వరసలోనే నడుస్తాయి, దాచిపెట్టిన మాయలేమీ ఉండవు (ఈ మాట దగ్గరికి మళ్లీ వస్తాను). శాంపిల్ రేటు మార్చే రేట్ ఎఫెక్ట్‌కి మైనస్ వీ పెట్టి 96 కిలోహెర్ట్జ్ ఫైలుని 48కి దించితే నా చెవికి ఎప్పుడూ వంక దొరకలేదు. ఏ క్షణంలో ఏ ఫ్రీక్వెన్సీలు ఉన్నాయో చూపించే స్పెక్ట్రోగ్రామ్ అయితే మరీ ముద్దొస్తుంది. ఒక్క కమాండ్‌కి పీఎన్‌జీ బొమ్మ గీసిస్తుంది. ఎవరింట్లోనో టీవీ పక్కన కూర్చుని రికార్డు చేసిన టేపులో 15,625 హెర్ట్జ్ దగ్గర సన్నటి గీత ఆ చివర నుంచి ఈ చివరకి కనిపిస్తుంది. పాల్ పద్ధతిలో నడిచే పాత టీవీల కూత అది. నా వయసు చెవులకి వినపడదు, బొమ్మలో మాత్రం దొరికిపోతుంది.

ఇక నార్మ్. ఊళ్లలో తీసిన రికార్డింగులు ఒకటి గొణుగుతుంటే ఇంకొకటి అరుస్తుంటుంది. నార్మ్ మైనస్ వన్ అని రాస్తే అన్నింటి పీక్ (అన్నిటికంటే గట్టి శబ్దం) మైనస్ 1 డెసిబెల్ దగ్గరికి వచ్చి కూర్చుంటుంది. అడిగినవాళ్లందరికీ ఇదే చెప్పేవాణ్ణి, కొత్తగా చేరినవాళ్లకి ఇదే నేర్పించాను.

సర్వరు మీది లినక్స్‌ని డెబియన్ 13కి మార్చాక కథ మొదలైంది. మా క్యాటలాగ్ సైటు కూడా ఆ మెషీన్ మీదే ఉంది. రాత్రి పని సాగినప్పుడల్లా సైటు నత్తనడక నడిచేది. కొన్ని రాత్రులు ఒకటో రెండో ఫైళ్లు మధ్యలో ఆగిపోయేవి. లాగ్‌లో తాత్కాలిక ఫైలు రాయలేకపోయానని, డివైస్‌లో చోటు లేదని ఒక ముక్క ఉండేది. డిస్క్ చూస్తే సగానికి సగం ఖాళీ! అదే చిరాకు. రోజూ జరిగితే పట్టుకోవచ్చు, ఒక రాత్రి జరిగి మూడు రాత్రులు ఊరుకునేదాన్ని ఎక్కడని పట్టుకుంటాం?

అప్‌టైమ్ కొడితే లోడ్ యావరేజ్ కోర్ల సంఖ్యని ఎప్పుడో దాటేసింది. టాప్‌లో చూస్తే సీపీయూ చాలా భాగం ఖాళీగానే ఉంది. లినక్స్‌లో లోడ్ యావరేజ్ అంటే సీపీయూ కోసం వరసలో నిలబడ్డవాళ్లే కాదు, డిస్క్ కోసం కళ్లు మూసుకుని కూర్చున్న డీ స్టేట్ ప్రాసెస్‌లు కూడా అందులో లెక్కే. కాబట్టి మెమరీ, డిస్క్ లెక్కలు చూపించే వీఎంస్టాట్‌ని సెకనుకోసారి చొప్పున నడిపించాను. దాని మొదటి వరసని పట్టించుకోకూడదు, అది మెషీన్ బూట్ అయినప్పటినుంచి సగటు. రెండో వరస నుంచి చూస్తే ఎస్ఐ, ఎస్ఓ గడులు సున్నాకి దిగడం లేదు. అంటే ర్యామ్ చాలక డిస్క్‌తో ఇచ్చిపుచ్చుకునే స్వాప్ ఆగకుండా జరుగుతోంది. 32 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్ మీద, ఈ పనికి!

మెమరీ ఎవరు తింటున్నారని పీఎస్‌లో వరస పెట్టి చూస్తే, ఒకేసారి నడుస్తున్న ఎనిమిది సాక్స్‌లూ ఒక్కొక్కటి పదుల ఎంబీల్లోనే ఉన్నాయి, పాపం అమాయకంగా. ఫ్రీ కమాండ్‌లో షేర్డ్ అనే గడి మాత్రం 15 జీబీ చూపించింది. మామూలుగా ఆ గడి వైపు ఎవరూ కన్నెత్తి చూడరు. టీఎంపీఎఫ్ఎస్‌లో, అంటే ర్యామ్‌లోనే ఉండే ఫైల్ సిస్టమ్‌లో ఉన్న ఫైళ్లు అక్కడే లెక్కకొస్తాయి. డీఎఫ్ అడిగితే తాత్కాలిక ఫైళ్లుండే టెంప్ డైరెక్టరీ దాదాపు నిండిపోయిందంది. ఎల్‌ఎస్ అడిగితే అందులో ఏమీ లేదంది. డీయూ కూడా కొన్ని కేబీలే చెప్పింది. అప్పుడు ఎల్‌ఎస్‌ఓఎఫ్‌కి ప్లస్ ఎల్ వన్ ఇచ్చి, పేరు పోయినా ఇంకా తెరిచే ఉన్న ఫైళ్లని అడిగాను. ఎనిమిది వరసలు వచ్చాయి. ఎనిమిదీ సాక్స్‌వే, చాలావరకు 2 జీబీకి అటూ ఇటూ.

జరిగిందేమిటంటే, మొత్తం వింటే తప్ప పీక్ ఎక్కడుందో నార్మ్‌కి తెలియదు. అందుకని విన్నదంతా ఒక తాత్కాలిక ఫైల్లో పోసుకుంటుంది, చివరికొచ్చాక మళ్లీ మొదటినుంచి చదివి గెయిన్ వేస్తుంది, అంటే శబ్దాన్ని కావలసినంత పెంచుతుంది. లోపల ప్రతి శాంపిల్‌కీ 4 బైట్లు. సీ-90 క్యాసెట్ ఒక వైపు 45 నిమిషాలు. 96 కిలోహెర్ట్జ్ స్టీరియోలో 2.07 జీబీ అవుతుంది. ఫైళ్లని సాక్స్‌కి అందించే ఎక్స్‌ఆర్గ్స్‌కి మైనస్ పీ 8 ఇచ్చి ఎనిమిది ఒకేసారి నడిపిస్తున్నాను, 16.6 జీబీ. డెబియన్ 13 నుంచి టెంప్ డైరెక్టరీ మామూలుగా ర్యామ్‌లో ఉంటుంది, దాని గరిష్ఠ పరిమితి ర్యామ్‌లో సగం. సరిగ్గా అంచు మీద ఉన్నామన్నమాట. ఎనిమిది ఫైళ్లూ ఒకేసారి చివరికొస్తే పొంగిపోతుంది, కాస్త వెనకా ముందూ అయితే నెట్టుకొస్తుంది. ఇన్నాళ్లూ ఆ డైరెక్టరీ డిస్క్ మీద ఉండేది కాబట్టి బయటపడలేదు.

పేరు లేని తాత్కాలిక ఫైలు వాడటం మంచి యూనిక్స్ అలవాటే. ప్రోగ్రాం మధ్యలో చచ్చిపోయినా చెత్త మిగలదు. మాన్యువల్లో కూడా గెయిన్ దగ్గర తాత్కాలిక ఫైలుకి చోటు కావాలని ఒక వాక్యం ఉంది. కానీ నార్మ్ దగ్గరికెళ్తే అది గెయిన్ మైనస్ ఎన్‌కి మారుపేరు అని చెప్పి ఊరుకుంటారు. నా కోపమల్లా ఇక్కడే. శబ్దం హద్దు దాటి తెగిపోతే, అంటే క్లిప్ అయితే, కేకపెట్టి హెచ్చరించే సాక్స్, 2 జీబీ పోసుకునేటప్పుడు చప్పుడు చెయ్యదు. మాయలేమీ ఉండవని పైన అన్నానే, ఈ ఒక్కటీ మినహాయించుకోండి. క్లిప్ కాకుండా కాపాడే గార్డ్ అనే జీ ఆప్షన్‌దీ ఇదే తంతు.

టెంప్ ఆప్షన్‌తో ఆ ఫైళ్లని డిస్క్‌కి మళ్లించి చూశాను. సైటు కోలుకుంది కానీ మావి తిరిగే డిస్కులు. ఐఓస్టాట్‌లో డిస్క్ ఎంత శాతం తీరిక లేకుండా ఉందో చెప్పే యుటిల్ గడి నూరు దగ్గరే వేలాడింది. చివరికి కుదిరింది రెండు విడతల పద్ధతి. మొదట స్టాట్‌కి మైనస్ వీ ఇస్తే ఎంత పెంచితే క్లిప్ కాదో ఒక్క అంకె చెబుతుంది. దాన్ని రెండో విడతలో వాల్యూమ్ ఎఫెక్ట్‌కి ఇచ్చెయ్యడమే. రెండు జాగ్రత్తలు: ఆ అంకె స్టాండర్డ్ ఎర్రర్‌లోకి వస్తుంది, దాన్ని మళ్లించకపోతే స్క్రిప్ట్ చేతికి ఖాళీ వస్తుంది. కింది స్వరాలని కోసేసే హైపాస్ లాంటివి పీక్‌ని మారుస్తాయి కాబట్టి కొలిచేటప్పుడు కూడా అవే ఎఫెక్టులు ముందు పెట్టాలి. పట్టే సమయాన్ని టైమ్ మైనస్ వీ పెట్టి కొలిచాను. ఒంటరి ఫైలు మీద నార్మే కొంచెం ముందు. ఎనిమిది కలిసి నడిస్తే రెండు విడతలదే పైచేయి.

ఇంత గొడవయ్యాక ఇంకో మాట ఒప్పుకోక తప్పదు. పద్యనాటకాలకి నార్మ్ పెద్దగా పనికిరాదు. మొదట్లో ఎవరో మైకుని వేలితో టకటక కొట్టి "హలో, హలో" అంటారు. పీక్ అక్కడ దొరుకుతుంది, హరిశ్చంద్రుడి పాత్రధారి రాగం తీసే చోట గొంతు ఎప్పట్లా నూతిలోనే ఉంటుంది. చెవికి వినపడే గట్టిదనాన్ని కొలిచి సరిచేసే పని సాక్స్‌లో లేదు. వినడానికి ఇచ్చే కాపీలకి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఇంకో ప్రోగ్రాంలోని, ఆ పని చేసే లౌడ్‌నార్మ్ వాడుతున్నాను. భద్రపరిచే కాపీల లెవెల్ ముట్టుకోవడం మానేశాను.

ఎవరికి చెప్పొచ్చు అంటే, ల్యాప్‌టాప్‌లో నాలుగు నిమిషాల క్లిప్పులు చేసుకునేవాళ్లు నార్మ్‌ని నిశ్చింతగా వాడుకోవచ్చు, ఇదంతా మీ గుమ్మం తొక్కదు. టెంప్ డైరెక్టరీని మళ్లీ డిస్క్ మీదికి తెచ్చుకోవచ్చు కూడా, టీఎంపీ మౌంట్‌ని మాస్క్ చేసి (అంటే మొదలవకుండా ఆపేసి) రీబూట్ చేస్తే సరి. మా సర్వరు మీద ఇతర పనులకి ర్యామ్‌లో ఉండటమే లాభం కాబట్టి నేను ముట్టుకోలేదు. సాక్స్ 14.4.2 వచ్చింది 2015లో, ఆ తర్వాత అసలు ప్రాజెక్టు నుంచి కొత్త విడుదల లేదు. రాసిన స్క్రిప్ట్ ఏళ్ల తర్వాత కూడా అలాగే నడవడం నాకు సుఖమే, కానీ బయటివాళ్లు పంపే ఫైళ్లని నేరుగా దీనికి తినిపించే సర్వరైతే ఆ సుఖాన్ని నేను నమ్మను. దీన్నుంచి వేరుపడిన సాక్స్ ఎన్‌జీ అని ఒక శాఖ నడుస్తోంది, మిగిలిన టేపులయ్యేదాకా దాని జోలికి వెళ్లను. అప్పటిదాకా మైనస్ పీ విలువ 6 దగ్గర ఉంచాను.