స్పీడీ కాలపు కాగితమా, 1977 గాజు గ్లాసులా?

మెక్‌డొనాల్డ్స్ పాత వస్తువులు కొత్తగా సేకరించేవాళ్లకు ఈ రెండు దారులూ ఆకర్షణీయమే. నా ఓటు మాత్రం కాగితానికే.

1948లో శాన్ బెర్నార్డినోలో మెక్‌డొనాల్డ్ అన్నదమ్ములు కార్ల దగ్గరికి వెళ్లి వడ్డించేవాళ్లను తీసేసి, 15 సెంట్లకే హాంబర్గర్ అమ్మడం మొదలుపెట్టారు. ఆ వేగానికి గుర్తు, కన్నుకొట్టే బుల్లి వంటవాడు స్పీడీ. అతని బొమ్మున్న మెనూలు, అగ్గిపెట్టెలు, పేపర్ కప్పులు వాడి పారేయడానికి చేసినవి. అందుకే మిగిలినవి తక్కువ, ధర ఎక్కువ, నకిలీల బెడదా ఉంది. అగ్గిపెట్టె మీది చిరునామా చదవండి. ఐదంకెల జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) కనిపిస్తే అనుమానించాల్సిందే. అమెరికాలో అది మొదలైంది 1963 జులైలో. బంగారు ఆర్చీల లోగో 1962కే వచ్చేసి స్పీడీని పక్కకు నెట్టింది.

1977 యాక్షన్ సిరీస్ గ్లాసుల కథ వేరు. వాటి మీద ఉండేది మెక్‌డొనాల్డ్స్ ప్రకటనల్లో కనిపించే రోనాల్డ్, గ్రిమస్, హాంబర్గ్లర్ లాంటి ఆరు పాత్రల బొమ్మలు. జనం ఇళ్లకు తీసుకెళ్లి దాచుకున్నారు కాబట్టి సులువుగా, చవగ్గా దొరుకుతాయి. వెలుతురుకు ఎత్తి పట్టి చూడండి: డిష్‌వాషర్‌లో పడ్డవాటి రంగు వెలిసి, మెరుపు పోయి ఉంటుంది. అప్పటి రంగుల్లో సీసం ఉండొచ్చు, వాటిలో ఏమీ తాగకండి.

కాగితం కొంటే లామినేషన్ చేయించకండి, విలువ అక్కడే పోతుంది. ఆమ్లం లేని కవర్లో, ఎండ తగలని చోట పెడితే చాలు.