‘ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ’ పిల్లలకు చూపించవచ్చా?

కార్లంటే ప్రాణం పెట్టే పిల్లలున్న ఇంట్లో ‘ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ’ చూస్తామన్న కోరిక ఎప్పుడో ఒకప్పుడు వినిపిస్తుంది. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్తుతో నడిచే ఫార్ములా ఈ రేసు కార్లు పరుగు తీసిన తరువాత, రేసింగ్ మన పిల్లలకు మరీ దూరపు సంగతిగా మిగలలేదు. 2019లో జేమ్స్ మ్యాంగోల్డ్ దర్శకత్వంలో వచ్చిన ఈ చిత్రానికి అమెరికాలో పీజీ-13 (పదమూడేళ్ల లోపు వారి విషయంలో తల్లిదండ్రులకు హెచ్చరిక), బ్రిటన్‌లో 12ఏ (పన్నెండేళ్ల లోపు వారు పెద్దవారితోనే చూడాలి) సర్టిఫికెట్లు ఇచ్చారు. తిట్లు, ప్రమాదాల వంటి వాటిని బట్టి ఇచ్చే ఈ గుర్తులు ఈ సినిమాలో పిల్లలను నిజంగా కలచివేసే విషయాన్ని చెప్పవు. ఆ విషయం చివరి పావుగంటలో ఉంది. అది దాచిపెట్టి తల్లిదండ్రులకు సలహా చెప్పడం సాధ్యం కాదు కాబట్టి, కథ ముగింపు ముందే తెలియకూడదనుకునే పాఠకులు ఈ సమీక్షను సినిమా చూశాక చదవడం మంచిది.

నా అభిప్రాయం ఇది: పదకొండు, పన్నెండేళ్లు నిండిన పిల్లలకు, ఇంట్లో పెద్దవారు పక్కన కూర్చునే పక్షంలో, ఈ సినిమాను నిస్సంకోచంగా చూపించవచ్చు. తొమ్మిదేళ్ల లోపు వారికి వద్దు. మధ్యలోని వయసు వారి విషయంలో నిర్ణయం ఆ పిల్లల స్వభావాన్ని బట్టి ఉండాలి.

కథ నిజంగా జరిగినదే. 1963లో ఫెరారీ సంస్థను కొనబోయి భంగపడిన రెండవ హెన్రీ ఫోర్డ్, ఫ్రాన్స్‌లోని లెమాన్స్‌లో జరిగే 24 గంటల పందెంలో ఆ సంస్థను ఓడించి తీరాలని పట్టుబడతాడు. 1960 నుంచి 1965 వరకు అక్కడ ఏటా గెలిచింది ఫెరారీయే. 1959లో అదే పందెం గెలిచి, గుండె జబ్బు వల్ల డ్రైవింగ్ మానుకున్న కారోల్ షెల్బీ (మ్యాట్ డేమన్) కారును తయారుచేసే బాధ్యత తీసుకుంటాడు. ఎవరి మాటా వినని కెన్ మైల్స్ (క్రిస్టియన్ బేల్) దాన్ని నడుపుతాడు. సినిమా నిడివి 152 నిమిషాలు. మొదటి ముప్పావుగంటలో ఎక్కువ భాగం కంపెనీ సమావేశాలు, బేరసారాలు, పన్ను బకాయిల గొడవలతో గడుస్తుంది. పెద్దలకు రక్తి కట్టే ఆ భాగంలో, ‘కార్లు ఎప్పుడొస్తాయి’ అని ఎదురుచూసే ఏడెనిమిదేళ్ల పిల్లలు నీరసించిపోతారు. వారికి ఈ సినిమా తగదనడానికి ఇదొక్కటే కారణమైనా సరిపోతుంది.

ఇక ప్రమాదాల సంగతి. సినిమా మొదలవుతూనే పెట్రోలు నింపే చోట షెల్బీ దుస్తులకు నిప్పంటుకుంటుంది. దాన్ని ఆర్పేసి అతడు మళ్లీ కారెక్కుతాడు. తరువాత ఒక పరీక్షలో బ్రేకులు పట్టు తప్పి, మైల్స్ నడుపుతున్న కారు అదుపు తప్పి మంటల్లో చిక్కుకుంటుంది. లెమాన్స్‌లో ఇతరుల కార్లు నుజ్జవుతాయి. ఎక్కడా రక్తాన్ని, గాయాలను దగ్గర నుంచి చూపించరు. భయం పుట్టించేది ప్రధానంగా శబ్దం. ఈ చిత్రానికి సౌండ్ ఎడిటింగ్‌లోనూ, ఫిల్మ్ ఎడిటింగ్‌లోనూ ఆస్కార్లు వచ్చాయి, ఆ ప్రతిభ అంతా పందెం దృశ్యాల్లో ప్రేక్షకుడి గుండె మీదే పనిచేస్తుంది. పెద్ద శబ్దాలకు బెదిరే పిల్లలుంటే ధ్వని తగ్గించి చూపించడం అవసరం.

అయితే ఈ ప్రమాదాలను ఉత్త ఉత్కంఠ కోసం వాడుకోకపోవడం నాకు నచ్చింది. మైల్స్‌కు పీటర్ అనే చిన్న కొడుకున్నాడు. కారు కాలడం చూసిన ఆ పిల్లవాడు, మంటల్లో చిక్కుకున్న డ్రైవరుకు ఏమవుతుందని షెల్బీ బృందంలోని మనిషిని అడుగుతాడు. అతడు పిల్లవాణ్ణి మభ్యపెట్టకుండా, ఏ దుస్తులు ఎందుకు తొడుక్కుంటారో, తప్పించుకోవడానికి ఎంత వ్యవధి ఉంటుందో నెమ్మదిగా చెబుతాడు. లెమాన్స్ ట్రాక్ బొమ్మ మీద తండ్రి ఒక్కొక్క మలుపును వివరించే దృశ్యం, చీకటిపడిన రన్‌వే మీద తండ్రీకొడుకులు ఏ తప్పూ దొర్లని ల్యాప్ (ట్రాక్ చుట్టూ ఒక చుట్టు) గురించి మాట్లాడుకునే దృశ్యం ఈ సినిమాకు ఆయువుపట్టు. ప్రేక్షకుల్లోని పిల్లలు షెల్బీతోనో, మైల్స్‌తోనో కాక పీటర్‌తో మమేకమవుతారు. ముగింపు వారికి అంత గట్టిగా తగలడానికి కారణం అదే.

లెమాన్స్ పందెం ముగిసిన రెండు నెలలకు, 1966 ఆగస్టు 17న, కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ ట్రాక్‌లో కొత్త కారును పరీక్షిస్తూ కెన్ మైల్స్ మరణించాడు. సినిమా ఈ మరణాన్ని దూరం నుంచి చూపిస్తుంది. కారు కనుమరుగవుతుంది, ఆ తరువాత మంట, పొగ లేస్తాయి. మృతదేహాన్ని చూపించరు. కానీ ఆ పొగను చూస్తున్నవారిలో పీటర్ ఉన్నాడు. గెలుపోటముల కథగా సాగి అంతా ముగిసిందనిపించిన తరువాత, ముందస్తు సూచన లేకుండా వచ్చే ఈ ఘట్టాన్ని ఎనిమిదేళ్ల పిల్లలు ‘హీరో చనిపోయాడు’ అని కాక ‘వాళ్ల నాన్న చనిపోయాడు’ అని గ్రహిస్తారు. తండ్రి లారీ డ్రైవరో, పోలీసో, ఫ్యాక్టరీలో యంత్రాల దగ్గర పనిచేసేవాడో అయిన పిల్లలకు ఆ రాత్రి నిద్ర పట్టకపోవచ్చు. ఇటీవల కుటుంబంలో ఎవరినైనా పోగొట్టుకున్న పిల్లలకైతే, వయసు పన్నెండు దాటినా, ఈ సినిమాను కొంతకాలం వాయిదా వేయమనే చెబుతాను.

కొందరు తల్లిదండ్రులు లెమాన్స్ పందెం పూర్తికాగానే సినిమాను ఆపేస్తే సరిపోతుందనుకుంటారు. నేను అందుకు ఒప్పుకోను. కోపంలో మైల్స్ తనపై విసిరిన పానాను షెల్బీ దాచి ఉంచుతాడు, చివరికి దాన్ని పీటర్ చేతిలో పెడతాడు. దుఃఖంలో ఉన్న పిల్లవాడితో ఎలా మాట్లాడాలో తెలియక తడబడే పెద్దమనిషిని ఇంత నిజాయితీగా చూపించిన సన్నివేశాలు తక్కువ. చివరి భాగాన్ని తట్టుకోలేరనిపించే పిల్లలకు మొత్తం సినిమానే రెండేళ్లాగి చూపించాలి గానీ తోక కోసి చూపించకూడదు.

తిట్లు ధారాళంగా ఉన్నాయి, మైల్స్ నోటి వెంట మరీ ఎక్కువ. శృంగార సన్నివేశాలు లేవు. షెల్బీ, మైల్స్ నడివీధిలో కలబడే ఘట్టాన్ని హాస్యంగా తీశారు. నాకు వీటికంటే ఆలోచించవలసినదిగా తోచింది మైల్స్ భార్య మాలీ కారు నడిపే దృశ్యం. భర్త దాచిన నిజం రాబట్టడానికి ఆమె మామూలు రోడ్డు మీద ప్రమాదకరంగా దూసుకుపోతుంది, సినిమా దాన్ని సరదాగా చూపి వదిలేస్తుంది. లైసెన్సు వయసు రాకముందే బండి తాళం అడిగే పిల్లలున్న మన ఇళ్లలో ఈ దృశ్యం దగ్గర ఒక మాట చెప్పి తీరాలి. మైనరు బండి నడిపి దొరికితే సంరక్షకుడికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడేలా 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారని కూడా వారికి తెలియాలి. మిగతా సినిమాలో వేగం ట్రాకుకే పరిమితం. పైగా ఆ వేగం వెనక ఉన్న పని కళ్లకు కడుతుంది. కారు ఒంటికి దారపు పోగులు అంటించి గాలి ఎటు పోతోందో గమనించడం, కాలి ఎర్రబడిన బ్రేకులను మార్చడానికి తంటాలు పడటం చూసిన పిల్లలకు వేగమంటే యాక్సిలరేటర్ తొక్కడమొక్కటే కాదని అర్థమవుతుంది.

పెద్ద పిల్లలు తప్పక నిలదీసే ఘట్టం పందెం ముగింపు. ముందంజలో ఉన్న మైల్స్‌ను, మూడు ఫోర్డ్ కార్లూ ఫొటోలో కలిసి కనబడాలని, వేగం తగ్గించమంటారు. అతడు తగ్గిస్తాడు. అయితే బ్రూస్ మెక్‌లారెన్, క్రిస్ ఏమన్ నడిపిన మరో ఫోర్డ్ కారు ఆరంభంలో వెనక నుంచి బయలుదేరింది కాబట్టి అదే ఎక్కువ దూరం పరుగెత్తిందని లెక్కగట్టి విజయాన్ని వారికిస్తారు. మంచివాడికి న్యాయం జరగని కథను పన్నెండేళ్ల వయసులో చూడటం మేలే చేస్తుందని నా నమ్మకం. అయితే అన్యాయానికి కారకుడిగా చూపిన ఫోర్డ్ అధికారి లియో బీబీ పాత్రను సినిమా కావాలనే దుష్టుడిగా మలిచిందని, 1966 పందెం రోజున ఫెరారీ సంస్థ స్థాపకుడు ఎంజో ఫెరారీ లెమాన్స్‌లో లేనే లేడని, తెర మీద అతడు మైల్స్‌ను గౌరవంగా చూసిన చూపు కల్పితమని పిల్లలకు చెప్పాలి. నిజకథ అన్న ముద్ర ఉంటే పిల్లలు ప్రతి దృశ్యాన్నీ చరిత్రగానే తీసుకుంటారు.

మన సెన్సార్ బోర్డు యూఏ సర్టిఫికెట్‌ను 7, 13, 16 ఏళ్ల మెట్లుగా విభజించడం 2024 నిబంధనలతో మొదలైంది. ఈ చిత్రం అంతకు ముందే విడుదలైంది, కాబట్టి వయసు తేల్చుకోవలసింది తల్లిదండ్రులే. చూపించాలని నిర్ణయించుకున్నవారు ముందుగా ఒకసారి తాము చూడాలి. రెండున్నర గంటలు ఒక్క బిగిన కూర్చోలేని పిల్లలకు లెమాన్స్‌కు ముందు వచ్చే డేటోనా పందెం ముగిసిన చోట ఆపి, మిగతాది మర్నాడు పగటిపూట చూపిస్తే, చివరి ఘట్టం తరువాత వారు అడిగే ప్రశ్నలకు నిద్రవేళలోపు తీరిక దొరుకుతుంది.