హాలోవీన్ రోజు క్లాసులో ఏది మేలు: గింజల లెక్కా, పొంగే గుమ్మడికాయా, లేచే దెయ్యాలా?

అక్టోబర్ 31 దగ్గరపడుతుంటే అమెరికా ఎలిమెంటరీ స్కూళ్లలో టీచర్లు తల్లిదండ్రుల సాయం అడుగుతారు. మన తెలుగు అమ్మానాన్నలూ చాలామంది పేరిస్తారు. 24 మంది పిల్లలు, 45 నిమిషాలు అనుకుందాం. ఎక్కువగా చేయించేవి ఈ మూడు. రెండు, మూడు తరగతులకైతే మా ఓటు గింజల లెక్కకే.

గింజల లెక్కకి నలుగురికి ఒకటి చొప్పున 6 గుమ్మడికాయలు కావాలి. ముఖం చెక్కడానికి అమ్మే పెద్ద కాయలు వద్దు. వాటిని ఖాళీ చేసి లెక్క తేల్చేలోపే బెల్లు కొట్టేస్తారు. 'పై పంకిన్' (pie pumpkin, వంటకి వాడే రకం) పేరుతో దొరికే 3, 4 పౌండ్ల చిన్నవి చాలు. మూత ఆ రోజు పొద్దున ఇంట్లోనే పెద్దవాళ్లు కోసి మళ్లీ పెట్టేయాలి. క్లాసులోకి కత్తి రాకూడదు. పిల్లల చెయ్యి దూరాలి కాబట్టి 4 అంగుళాల వెడల్పు ఉంచండి. రెండు రోజుల ముందే కోస్తే లోపల బూజు మొదలవుతుంది.

మూత తీయకముందే ఎన్ని గింజలుంటాయో ప్రతి ఒక్కరూ కాగితం మీద రాయాలి. తర్వాత కాయ మీది గాడులు లెక్కపెట్టి, చుట్టుకొలత తీయాలి. దీనికి ఊలు దారం ఇవ్వకండి. అది సాగుతుంది, ఒక్కొక్కరికి ఒక్కో కొలత వస్తుంది. పురికొస నయం. కాయ బాగా ఉబ్బిన చోట ఇద్దరు చెరోపక్క పట్టుకుంటే దారం పైకీ కిందికీ జారదు.

గుజ్జుతో సహా తీసిన గింజల్ని నీళ్ల గిన్నెలో వేసి చేత్తో కదిపితే గింజలు పైకి తేలతాయి. వాటిని పేపర్ టవల్ మీద వేస్తే అంటుకుని ఊడిరావు. వాక్స్ పేపర్ మీద వేయండి. ఒకటి, రెండు అంటూ పోతే ఎనభై దగ్గర ఎవరో మాట్లాడిస్తారు, మళ్లీ మొదటికి! అందుకే 12 గుంటల మఫిన్ ట్రేలో రెండు గుంటల్ని టేపుతో మూసేయండి. గుంటకు పది చొప్పున మిగిలినవి నిండితే వంద. రెండో తరగతిలో నేర్చుకునే వందలు, పదులు, ఒకట్లు ఇక్కడ చేతికే తగులుతాయి. పెద్ద కాయలోనే గింజలు ఎక్కువని పిల్లలు గట్టిగా నమ్ముతారు. ఆరు కాయల లెక్కలూ బోర్డు మీద రాస్తే అది ప్రతిసారీ నిజం కాదని వాళ్లే కనిపెడతారు. గుజ్జు తగిలితే కొందరికి చెయ్యి దురద పెడుతుంది, చిన్న సైజు గ్లవ్స్ ఉంచండి.

ఇంకో సంగతి. హాలోవీన్ జరుపుకోని కుటుంబాల పిల్లలూ క్లాసులో ఉంటారు. ఈ పనిలో దెయ్యం మాటే రాదు, ఎవరినీ పక్కన కూర్చోబెట్టక్కర్లేదు.

పొంగే గుమ్మడికాయ చూడ్డానికి మహా సరదా. కానీ పోసేది ఒక్కరు, చూసేది ఇరవైముగ్గురు. ముఖం చెక్కిన కాయలో ప్లాస్టిక్ గ్లాసు పెట్టి, 3 టేబుల్ స్పూన్ల బేకింగ్ సోడా, కాస్త గిన్నెలు తోమే సబ్బు, రంగు వేసి, ఒక కప్పు వెనిగర్ పోస్తే నురగ నోట్లోంచి వస్తుంది. గ్లాసు అంచు కాయకి చెక్కిన నోటి కన్నా బాగా కిందికి ఉంటే నురగ లోపలే ఆగిపోతుంది, అడుగున ఏదైనా పెట్టి ఎత్తు చేయండి. అంత సోడాకి ఒక కప్పు వెనిగర్ చాలదు. అడుగున సోడా మిగులుతుంది కాబట్టి మళ్లీ పోస్తే మళ్లీ పొంగుతుంది. వేషాల మీద పడితే రంగు మరక పోదు. వెనిగర్ కళ్లలో చిందకుండా రక్షణ కళ్లజోళ్లు తప్పనిసరి.

దెయ్యాల ఆట కిండర్‌గార్టెన్‌కి బాగుంటుంది. పల్చటి టిష్యూని ఒక్క పొరగా విడదీసి 2 అంగుళాల దెయ్యాలు కత్తిరించి, కింది అంచుని బల్లకి టేపుతో అంటించాలి. బెలూన్‌ని జుట్టుకి పది సెకన్లు రుద్ది దగ్గరకు తెస్తే లేచి నిలబడతాయి. రెండు పొరలుంటే బరువుకి లేవవు. వాన రోజు గాలిలో తేమకి, రుద్దితే బెలూన్ మీద పుట్టే స్థిర విద్యుత్తు నిలవదు. కొబ్బరినూనె రాసుకొచ్చిన మన పిల్లల జుట్టుకి రుద్దినా ఫలితం తక్కువే, ఉన్ని స్వెటర్ ఇవ్వండి. లేటెక్స్ అలర్జీ ఉందేమో టీచర్ని ముందే అడగాలి. పగిలిన బెలూన్ ముక్కలు ఎనిమిదేళ్ల లోపు పిల్లల గొంతుకి అడ్డం పడే ప్రమాదముంది. అందుకే బెలూన్ పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి, లేదా బదులుగా ప్లాస్టిక్ దువ్వెన వాడాలి.

గింజల లెక్క అయ్యాక ఆరు ఖాళీ కాయలు మిగులుతాయి. టైముంటే ఒకదానిలో సోడా గ్లాసు పెట్టి టీచర్ చేత వెనిగర్ పోయించండి. ముఖం లేకపోయినా మూత కోసిన చోటు నుంచే పొంగుతుంది, కింద ట్రే ఒక్కటి మరిచిపోవద్దు. గింజలు క్లాసులో తినిపించకండి. జిప్‌లాక్ సంచుల్లో ఇంటికి పంపితే వేయించాలో వద్దో వాళ్ల అమ్మానాన్నలు చూసుకుంటారు.