కుమోరా గుట్ట మట్టి, గనాండగాన్ పూసలు

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో తెల్లారకుండానే బయల్దేరితే మధ్యాహ్నం భోజనాల వేళకి పల్మైరా చేరాం. ఐదు గంటల పైమాటే. నాన్నకి నయాగరా రెండుసార్లు చూపించడం అయిపోయింది కాబట్టి ఈసారి న్యూయార్క్ రాష్ట్రంలోని ఈ చిన్న ఊరు. కూడలికి నాలుగు మూలలా నాలుగు చర్చిలు, కాస్త అవతల ఈరీ కాలువ. నీటిపారుదల శాఖలో రిటైరైన మనిషికి 1825లో పూర్తయిన కాలువ కనపడిందంటే అరగంట అక్కడే.

క్రీస్తుని కొలిచే మార్మన్ల మతానికి పుట్టినిల్లు ఈ ప్రాంతమే. కుమోరా గుట్టలో పూడ్చిపెట్టిన బంగారు రేకుల్ని దేవదూత చూపించాడనీ, 1827లో అవి తన చేతికొచ్చాయనీ ఆ మతం స్థాపించిన జోసెఫ్ స్మిత్ చెప్పాడు. వాటికి అనువాదంగా వచ్చినదే మార్మన్ గ్రంథం.

ఊళ్లో నాకు బాగా నచ్చింది గ్రాండిన్ అచ్చాఫీసు. టికెట్ లేదు. చర్చి తరఫు గైడమ్మ దగ్గరుండి తిప్పి చూపించింది. 1830లో ఆ గ్రంథం మొదట అచ్చయింది ఇక్కడే: 5,000 ప్రతులు, ఖర్చు 3,000 డాలర్లు. ఆ డబ్బు కోసం మార్టిన్ హారిస్ అనే రైతు పొలం తాకట్టు పెట్టాడు. సీసపు అక్షరాలు పేర్చడం, సిరా అద్దడం, కాగితం మడవడం అన్నీ వివరంగా చెప్పింది.

"రేకులు ఎక్కడున్నాయో అడగరా," అన్నారు నాన్న. అడిగాను. దేవదూత తిరిగి తీసుకెళ్లాడని నవ్వుతూ చెప్పింది. "అయితే పంచనామాకి కుదరదు," అని నాన్న తెలుగులో గొణిగారు. నయం, ఆవిడకి అర్థం కాలేదు.

అక్కడికి దగ్గర్లోనే, 21వ నంబరు రోడ్డు పక్కన కుమోరా. ఇక్కడా ప్రవేశం ఉచితం. పైన 1935లో నిలిపిన స్తంభం, రేకులు చూపించాడనే ఆ దేవదూత మొరోనైది. ఏటా వేసవిలో జరిగే పెద్ద నాటక ప్రదర్శన 2019తో ఆగిపోయింది, కాబట్టి ఇప్పుడంతా ప్రశాంతం. గ్రంథం ప్రకారం క్రీ.శ. 385 ప్రాంతంలో కుమోరా దగ్గర, ఆ గ్రంథం చెప్పే ప్రాచీన అమెరికా జాతి నీఫైట్లు 2,30,000 మంది ఒకే యుద్ధంలో కూలారు. నాన్న గొంతుక్కూర్చుని మట్టి గీకి, నున్నటి గులకరాయి ఒకటి నా అరచేతిలో పెట్టారు. "కొట్టుకొచ్చిన మట్టిరా ఇది." నిజమే, మంచు యుగంలో హిమానీనదాలు పేర్చిపోయిన దిబ్బ. అంత యుద్ధానికి తగ్గ ఎముకలు గానీ ఆయుధాలు గానీ ఇక్కడ దొరకలేదు. ఇది గిట్టనివాళ్ల మాట అనుకోకండి. మార్మన్లదే అయిన బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన పురావస్తు పండితుడు జాన్ క్లార్క్ కూడా ఆ మాటే రాశాడు. అందుకే నమ్మకమున్న పండితుల్లో చాలామంది అసలు కుమోరా మెక్సికో వైపు ఉందంటారు. ఆ ఆశతోనే థామస్ ఫెర్గుసన్ అనే మార్మన్ లాయరు 1952లో సంస్థ పెట్టి మెక్సికోలోని చియాపాస్‌లో తవ్వించాడు. పురావస్తు శాస్త్రానికి మంచి పనే జరిగింది గానీ ఆయన వెతికింది దొరకలేదు, చివరికి ఆయన నమ్మకమే సడలింది. గ్రంథంలో గుర్రాలూ ఉన్నాయి, ఉక్కూ ఉంది. ఆ కాలపు అమెరికాలో గుర్రం లేదు, తర్వాత స్పానిష్ వాళ్లు తెచ్చిందే. నమ్మేవాళ్లు ఇష్టంగా చూపించే ఆధారం ఎక్కడో యెమెన్‌లో ఉంది: గ్రంథం కథ మొదట్లో, అమెరికా చేరకముందు అరేబియా దారిలో వచ్చే నాహోమ్ అనే చోటి పేరుని పోలిన తెగ పేరు చెక్కిన బలిపీఠాలు.

రాత్రి విక్టర్ అనే ఊరి దగ్గర హైవే పక్క మోటెల్. పేరెందుకులెండి. హీటరు రాత్రంతా లారీలా మోగింది. పొద్దున టిఫిన్ అంటే వాఫిల్, అరటిపండు, అంతే. ఈ చుట్టుపక్కల ఉండాలంటే ఇంకో నలభై డాలర్లు ఎక్కువైనా మంచిదే చూసుకోండి.

మర్నాడు విక్టర్‌లోనే ఉన్న గనాండగాన్. దీనికి టికెట్ ఉంది, దండగ కాదు. 1687లో ఫ్రెంచి సైన్యం వచ్చి నాశనం చేసిన, సెనెకా అనే అమెరికా ఆదివాసుల ఊరిది. ఇక్కడి మట్టిలోంచి గాజు పూసలు, ఇత్తడి పాత్రల ముక్కలు బయటపడ్డాయి. మళ్లీ కట్టిన పొడవాటి ఇంట్లో అటూ ఇటూ మంచెల్లాంటి అరుగులు, నడుమ పొయ్యిలు. నిన్న గుట్ట మీద నిమిషాల్లో లేచిన నాన్న, ఇక్కడ పూసల అద్దాల పెట్టె ముందు నుంచి కదల్లేదు. "ఒక్క ఊరు పోతేనే ఇన్ని మిగిలాయిరా," అన్నారు.

ఆ పొడవాటి ఇల్లు చలికాలంలో మూసేస్తారు, వేసవికి పెట్టుకోండి. శాకాహారులైతే పులిహోర కట్టుకెళ్లండి.