పాత మారుతి జెన్ కారుని ఎవరికి అమ్మితే మేలు? యాప్‌కా, ఎక్స్‌ఛేంజ్‌కా, స్క్రాప్‌కా, బండి తెలిసిన మనిషికా?

మా జెన్ అమ్మేద్దాం అనుకుని మూడు నెలలైంది. 2002 జూన్‌లో కొన్న వీఎక్స్ఐ, మొదటి నుంచీ నా పేరు మీదే ఉంది, ఇప్పటికి లక్షా పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగింది. బండిలో ఏ లోటూ లేదు. అమ్మకి మోకాళ్లు అరిగిపోయి అంత కిందకి ఉన్న సీట్లో కూర్చోవాలన్నా లేవాలన్నా చాలా కష్టమైపోతోంది, అపార్ట్‌మెంట్‌లో మాకు ఉన్నది ఒకటే పార్కింగు, అందుకని కొంచెం ఎత్తున్న బండి తీసుకోక తప్పట్లేదు. ఈ మూడు నెలల్లో సికింద్రాబాద్‌లో అన్ని దారులూ తిరిగి చూశా కాబట్టి, నాలాగే పాత చిన్న కారుని జాగ్రత్తగా చూసుకుని ఇప్పుడు అమ్ముదామనుకునే వాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా.

జెన్ గురించి తెలియని పిల్లల కోసం రెండు ముక్కలు. 1993లో వచ్చింది, 2006లో ఆపేశారు. 993 సీసీ అల్యూమినియం ఇంజిను, బండి బరువు ఎనిమిది వందల కిలోలు కూడా ఉండదు, అందుకే సెకండ్ గేర్‌లో అలా ముందుకి దూకుతుంది. ఇదే బండిని యూరప్‌కి ఆల్టో పేరుతో పంపించేవాళ్లు. ఇప్పటికీ దీన్ని ఇష్టపడి వెతుక్కునే వాళ్లున్నారు. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి, మన చట్టంలో వింటేజ్ అంటే యాభై ఏళ్లు దాటిన బండే, 2021లో రూల్ పెట్టారు. కాబట్టి ఆర్టీఏ లెక్కలో మన జెన్ మామూలు పాత కారే, క్లాసిక్ అనేది కొనేవాడి మనసులో ఉండాలి. అమ్మకం మొత్తం ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

ఇంకో విషయం కూడా ముందే చెప్పేస్తా, ఎవరికి అమ్మినా మొదట అడిగేది ఆర్సీ ఎప్పటివరకు ఉంది అని. సొంత కారుకి మొదట పదిహేనేళ్లు, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూసి ఐదేళ్లకోసారి రెన్యువల్. నాది 2017లో ఒకసారి, 2022లో ఒకసారి అయ్యింది, ఇప్పుడు 2027 జూన్ దాకా ఉంది. మొదటిసారి ఫీజు 600, 2022 ఏప్రిల్ నుంచి దాన్ని 5,000 చేశారు, 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్లకి 10,000 చేశారు, గ్రీన్ ట్యాక్స్ మళ్లీ వేరే. కొనేవాడు ఈ పదివేలూ లెక్కేసుకునే బేరానికి వస్తాడు. ఆర్సీ అయిపోవడానికి ఎక్కువ రోజులు లేవనుకోండి, రెన్యువల్ చేయించాకే అమ్మకానికి పెట్టండి, మీరు పెట్టిన దానికంటే ఎక్కువే తిరిగొస్తుంది. అసలు ఫిట్‌నెస్ పాసైన పాత కారు అంటేనే సగం అనుమానం పోతుంది.

ఇక మొదట చూసింది పాత కార్లు కొనే యాప్. ఇంటికే వచ్చి ఇన్‌స్పెక్షన్ చేస్తారు, తిరగక్కర్లేదు, డబ్బులు అకౌంట్లో పడతాయి, ట్రాన్స్‌ఫర్ వాళ్లే చూసుకుంటామంటారు. ఐదారేళ్ల బండికైతే ఇది మంచి దారే, నేనేం కాదనను. మా ఇంటికొచ్చిన అబ్బాయి చాలా మర్యాదగా ఉన్నాడు, పెయింటు మందం కొలిచే మీటర్ పెట్టి ప్రతి డోరూ చెక్ చేశాడు, నలభై ఫొటోలు తీశాడు. రెండు డోర్లు రీపెయింట్ అని రాసుకున్నాడు, నిజమే, ఎండకి వెలిసిపోతే నేనే వేయించా. కానీ నేను టైమింగ్ బెల్ట్ బిల్లు, క్లచ్ ప్లేట్ బిల్లు, ఏసీ కంప్రెసర్ బిల్లు తెచ్చి చూపిస్తే, "సర్, ఇవి ఎంటర్ చేయడానికి ఇందులో కాలమ్ లేదండి" అన్నాడు. ఆ మాటతోనే నాకు అర్థమైపోయింది. వాళ్ల లెక్కలో సంవత్సరం ఉంటుంది, కిలోమీటర్లు ఉంటాయి, పెయింటు ఉంటుంది, ఇరవై మూడేళ్లు నేను పడ్డ శ్రద్ధకి గడి లేదు. సాయంత్రానికి వచ్చిన రేటు 28 వేలు. ఇంకో కంపెనీ వాళ్లైతే ఇంత పాత మోడల్ తీసుకోమని ఫోన్లోనే చెప్పేశారు, అది ఇంకా నయం, టైమ్ వేస్ట్ కాలేదు.

రెండోది కొత్త కారు షోరూమ్‌లో ఎక్స్‌ఛేంజ్. 35 వేలు, పైన ఎక్స్‌ఛేంజ్ బోనస్ ఇంకో 20 అన్నారు. వినడానికి 55. ఇక్కడ జాగ్రత్తగా చూస్కోవాలి, ఎక్స్‌ఛేంజ్ లేకుండా నేరుగా కొంటే ఎంత డిస్కౌంట్ ఇస్తారో ముందు విడిగా రాయించుకోండి, పాత బండి సంగతి అస్సలు ఎత్తకుండా. నేను అలా అడిగితే 12 వేలు డిస్కౌంట్ వచ్చింది, అంటే ఆ 20లో 12 నాకు ఎలాగూ వచ్చేవే, బండికి నిజంగా పడ్డది 43. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది కదా, కొత్తవాటి రేట్లు తగ్గేసరికి పాతవాటికి కూడా ఆ మేరకు తగ్గించి చెప్తున్నారు. అయినా నన్నడిగితే ఒక్క రోజులో అయిపోవాలి, తిరిగే ఓపిక లేదు అనుకునేవాళ్లకి యాప్ కంటే ఎక్స్‌ఛేంజే మేలు. ఎదురుగా మనిషి ఉంటాడు, బేరమాడొచ్చు, కొత్త బండి అమ్ముకోవాలన్న తొందర వాళ్లకీ ఉంటుంది.

ఆటో కన్సల్టెన్సీ వాళ్లనీ, అంటే పాత బండ్లు కొని అమ్మే డీలర్లనీ అడిగా, 45 దాకా వచ్చారు. డబ్బు పరంగా ఇది ఎక్స్‌ఛేంజ్‌తో సమానమే, తేడా అంతా కాగితాల్లో ఉంది. చాలాచోట్ల ఓపెన్ ఫామ్స్, అంటే కొనేవాడి పేరూ తేదీ నింపని కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని, కస్టమర్ దొరికేదాకా బండిని మీ పేరు మీదే తిప్పుతారు. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన రూల్ ప్రకారం ఆథరైజేషన్ ఉన్న డీలర్ అయితే, బండి అప్పగించినట్టు ఆన్‌లైన్‌లో తెలియజేశాక బాధ్యత డీలర్ మీదికి పోతుంది. మీరు వెళ్లే కన్సల్టెన్సీకి ఆ ఆథరైజేషన్ ఉందా అని సూటిగా అడగండి. లేదంటే లేచి వచ్చేయండి.

స్క్రాప్ సంగతి త్వరగా చెప్పేస్తా, ఎందుకంటే నడిచే జెన్‌ని స్క్రాప్‌కి ఇవ్వడం నాకు మనసొప్పని పని. గవర్నమెంట్ గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ సెంటర్‌కి ఇస్తే సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ ఇస్తారు, దాంతో కొత్త బండి రిజిస్ట్రేషన్ ఫీజు ఉండదు, రోడ్ ట్యాక్స్‌లో సొంత బండ్లకి 25 శాతం వరకు రాయితీ ఇవ్వొచ్చని పాలసీలో ఉంది, మీ రాష్ట్రంలో ఎంత ఇస్తున్నారో కనుక్కోవాలి. చాసిస్ తుప్పు పట్టి ఫిట్‌నెస్ పాస్ అవదు అనుకున్న బండికి ఇదే సరైన దారి, మామూలు పాత ఇనుము కొట్టుకి మాత్రం ఇవ్వొద్దు, ఆర్సీ క్యాన్సిల్ కాకుండా అలాగే మీ పేరు మీద మిగిలిపోతుంది.

చుట్టాలకి ఇవ్వడం అనేది ఒకటుంది. మా బాబాయ్ కొడుకు డ్రైవింగ్ నేర్చుకుంటా ఇవ్వన్నా అన్నాడు. ఇద్దామనే ఉంది కానీ, మనవాళ్లే కదా పేరు తర్వాత మార్చుకుంటాలే అంటారు చూడండి, అక్కడే భయం. యాక్సిడెంట్ కేసులో ఆర్సీ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లదే బాధ్యత అని 2018లో సుప్రీం కోర్టు తేల్చి చెప్పింది, బండి మూడు నాలుగు చేతులు మారిన కేసులో కూడా. వాడికి అదే మాట విడమర్చి చెప్పా, నొచ్చుకోలేదు.

ఇక చివరిది, నేరుగా కొనేవాడికే అమ్మడం. ఆన్‌లైన్‌లో ప్రకటన పెట్టగానే ముప్పై ఫోన్లు వచ్చాయి, అందులో ఇరవై ఐదు మంది "లాస్ట్ ఎంత చెప్పన్నా" తప్ప బండి గురించి ఒక్క ప్రశ్న వేయలేదు. ఇద్దరు వస్తామని ఆదివారాలు రెండు పోగొట్టారు. కర్నూలు నుంచి ఒకాయన నిజంగా ఆసక్తిగా అడిగారు, కానీ నంబర్ ప్లేట్ మీద ఏపీ అని ఉన్నా బండి రికార్డు తెలంగాణది, వేరే రాష్ట్రానికి మార్చాలంటే ఆర్టీఏ నుంచి అభ్యంతరం లేదనే పత్రం (ఎన్‌ఓసీ) తీసుకోవాలి, అక్కడ మళ్లీ ట్యాక్స్ సంగతి చూసుకోవాలి అని తెలిసి వెనక్కి తగ్గారు. ఈ దారిలో ఓపిక కావాలి, అది నిజం.

అయితే ఐదో వారం వరంగల్ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు, కాలేజీలో లెక్చరరట. పొద్దున్నే ఆరున్నరకి వస్తా, నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు సర్ అని ముందే చెప్పాడు. రాగానే తాళం అడగలేదు, బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూశాడు, చల్లగా ఉందా లేదా అని. తర్వాత ఆయిల్ క్యాప్ తీసి లోపలివైపు వేలితో రాసి చూశాడు, డ్రైవర్ వైపు మ్యాట్ లేపి నేల మీద బొటనవేలితో నొక్కుకుంటూ పోయాడు తుప్పు కోసం, స్టెప్నీ తీసి ఆ గుంటలో కూడా చూశాడు. అప్పుడు స్టార్ట్ చేయమన్నాడు. ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది, వాడి మొహం వెలిగిపోయింది. నా నోట్‌బుక్ ఇస్తే మెట్ల మీద కూర్చుని ఇరవై నిమిషాలు చదివాడు, 98 వేల దగ్గర టైమింగ్ బెల్ట్‌తో పాటు వాటర్ పంప్ కూడా మార్చారా అని అడిగాడు. మార్చా. మూడు నెలల్లో ఆ ప్రశ్న వేసిన మొదటి మనిషి. 95 వేలకి సెటిల్ అయింది, పెద్దగా బేరం కూడా ఆడలేదు.

28కీ 95కీ తేడా చూశారు కదా. బండి అదే, బిల్లులు అవే, చదవగలిగిన మనిషి దొరికాడంతే. అందుకని బాగా చూసుకున్న పాత బండి ఉన్నవాళ్లకి నా సలహా ఒకటే, రెండు మూడు నెలలు ఆగగలిగితే నేరుగానే అమ్మండి. ప్రకటనలో తళతళలాడే ఫొటోలు కాదు, బిల్లుల ఫొటోలు, కింద చాసిస్ ఫొటోలు, రీపెయింట్ చేయించిన డోర్లు, ఉన్న గీతలు అన్నీ పెట్టండి, పని చేయని పవర్ విండో ఉంటే అదీ రాయండి. ఉత్తి బేరగాళ్లు వాళ్లే తగ్గిపోతారు. బిల్లులు లేని బండి అయితే మాత్రం ఇంత తేడా రాదు, అప్పుడు ఎక్స్‌ఛేంజ్‌కే వెళ్లండి.

కాగితాల దగ్గర మాత్రం మొహమాటం వద్దు. బండి పేరు మార్చడానికి ఇచ్చే ఫామ్ 29, ఫామ్ 30 మీద తేదీ, కొనేవాడి పేరు నింపాకే సంతకం. అమ్మినట్టు పద్నాలుగు రోజుల్లో ఆర్టీఏకి తెలియజేయడం అమ్మినవాడి బాధ్యత. చలాన్లు ముందే కట్టేయండి, ఫాస్టాగ్ క్లోజ్ చేయండి. ఇన్సూరెన్స్‌లో ఎన్‌సీబీ, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు, మీదే, బండిది కాదు, కంపెనీ నుంచి లెటర్ తీసుకుంటే మూడేళ్లలోపు కొత్త బండికి వాడుకోవచ్చు, ఇది చాలామంది వదిలేసుకుంటున్నారు, నాకు 50 శాతం ఉంది, కొత్త బండి ప్రీమియంలో బాగానే తగ్గుతుంది.

గురువారం తిరుమలగిరి ఆఫీసులో స్లాట్ ఉంది. పదివేలు అడ్వాన్స్ తీసుకున్నా, మిగతాది ట్రాన్స్‌ఫర్ అప్లికేషన్ అయ్యాక తాళాలు ఇచ్చేటప్పుడే. ఎప్పుడో రాణిగంజ్‌లో కొని దాచిపెట్టిన డోర్ హ్యాండిల్స్ రెండు, ఒక కొత్త ఫ్యాన్ బెల్ట్ ఉన్నాయి, అవి డిక్కీలో పెట్టేశా. అమ్మ ఒకసారి దాంట్లో గుడికి తీసుకెళ్లమంది, మెల్లగా అయినా సరే ఎక్కుతానంది. రేపు పొద్దున వెళ్తున్నాం.